నాలుగు రోజుల గోల్ఫ్ యాత్రకు ఒక్క తీరం చాలు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో స్కాట్లాండ్ గోల్ఫ్ యాత్ర గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, కోర్సుల (గోల్ఫ్ మైదానాల) చరిత్ర కూడా బాగానే చెప్పారు. కానీ చివర బాక్సులో ఇచ్చిన నాలుగు రోజుల కార్యక్రమాన్ని నమ్ముకుని ఎవరైనా టికెట్లు కొంటే డబ్బూ పోతుంది, సెలవూ పోతుంది. మొదటి రోజు సెయింట్ ఆండ్రూస్, రెండో రోజు రాయల్ డోర్నాక్, మూడో రోజు టర్న్‌బెర్రీ, నాలుగో రోజు మ్యూర్‌ఫీల్డ్ అని రాశారు. సెయింట్ ఆండ్రూస్ నుంచి డోర్నాక్ కారులో దాదాపు నాలుగు గంటలు. ఉత్తరాన ఉన్న డోర్నాక్ నుంచి నైరుతి తీరంలోని టర్న్‌బెర్రీకి అయిదు గంటల పైమాటే. అక్కడి నుంచి మళ్లీ తూర్పు తీరానికి రెండున్నర గంటలు. అంటే నాలుగు రోజుల్లో పన్నెండు గంటలు కారులోనే. ఆటలోని పద్దెనిమిది హోల్స్‌లో (ఒక్కో గుంత దాకా బంతిని కొట్టుకుంటూ వెళ్లే దారుల్లో) మొదటి మూడు నడుము పట్టేసిన ఒంటితో ఆడాల్సిందే.

ఆ నాలుగూ గొప్ప కోర్సులే, అందులో సందేహం లేదు. అయితే చిన్న యాత్రకు కోర్సులను ఎంచుకోవాల్సింది పేరును బట్టి కాదు. ఏ రోజు బయటివాళ్లను ఆడనిస్తారు, బస నుంచి ఎంత దూరం, మనతో వచ్చే నలుగురిలో బలహీనమైన ఆటగాడు అక్కడ ఆనందంగా ఆడగలడా అన్న మూడూ చూసుకోవాలి. ఇప్పుడు హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ పిల్లల దగ్గరికి లండన్, మాంచెస్టర్ వెళ్లి, అక్కడి నుంచి నాలుగు రోజులు స్కాట్లాండ్ వెళ్లొద్దామనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. అమెరికా నుంచి ఇండియా వస్తూ దారిలో దిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు పనికొచ్చేలా కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మ్యాప్ చూడండి. ఎడింబరోకు తూర్పుగా ఫర్త్ ఆఫ్ ఫోర్త్ అనే సముద్రపు పాయ ఉంది. దానికి దక్షిణపు ఒడ్డు ఈస్ట్ లోథియన్: మసెల్‌బరో, లాంగ్‌నిడ్రీ, గలన్, నార్త్ బెర్విక్, డన్‌బార్. ఉత్తరపు ఒడ్డు ఫైఫ్: లీవెన్, లండిన్, ఈలీ, క్రెయిల్, సెయింట్ ఆండ్రూస్. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నార్త్ బెర్విక్ ఒడ్డున నిలబడితే ఎదురుగా ఫైఫ్ తీరం కనిపిస్తుంది, నీటి మీద ఈలీ పది మైళ్లే. కానీ కారులో వెళ్లాలంటే ఎడింబరో దాకా వెనక్కి వచ్చి, వంతెన దాటి, మళ్లీ తూర్పుకు వెళ్లాలి. నార్త్ బెర్విక్ నుంచి సెయింట్ ఆండ్రూస్‌కు రెండు గంటలకు తక్కువ వేసుకోవద్దు. సాయంత్రం ఎడింబరో బైపాస్ మీద ట్రాఫిక్ తగిలితే ఇంకా ఎక్కువ. అందుకే నాలుగు రోజులకు ఒక్క ఒడ్డే తీసుకోండి. రెండూ కలపాలనుకుంటే కనీసం వారం కావాలి, మధ్యలో ఒకసారి బస మార్చాలి.

తూర్పు తీరమే ఎందుకంటే, వానలు. స్కాట్లాండ్ అనగానే మనవాళ్లు నిత్యం ముసురు అనుకుంటారు. పశ్చిమ తీరానికి అది చాలావరకు నిజం. డన్‌బార్ వైపు మాత్రం ఏడాది వర్షపాతం 600 మిల్లీమీటర్లకు లోపే, మన హైదరాబాద్ కంటే తక్కువ. మనది నాలుగు నెలల్లో కుమ్మరించి పోతుంది, వాళ్లది ఏడాదంతా చినుకులుగా పడుతుంది, తేడా అంతే. నేల ఇసుక కాబట్టి వాన వెలిసిన పావుగంటకు ఆట మొదలుపెట్టవచ్చు. చిన్న యాత్రలో ఒక రోజు వానకు పోయిందంటే నాలుగో వంతు పోయినట్టే, కాబట్టి ఈ లెక్క ముఖ్యం.

ఒడ్డు తేలాక చూడాల్సింది వారంలో రోజులు. మ్యూర్‌ఫీల్డ్‌లో బయటివాళ్లకు మంగళ, గురువారాలే. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆదివారం ఆట లేదు, ఆ రోజు ఊరివాళ్లు కుక్కలతో, పిల్లలతో ఫెయిర్‌వేల మీద, అంటే ఆట సాగే కత్తిరించిన గడ్డి దారుల మీద, షికారు చేస్తారు. చాలా క్లబ్బుల్లో శనివారం సభ్యుల పోటీలు, అతిథులకు మిగిలేది మధ్యాహ్నం తర్వాతో, అసలు లేదో. కాబట్టి నాలుగు రోజుల యాత్ర శుక్రవారం నుంచి సోమవారం దాకా పెట్టుకున్నవాళ్లు సగం తలుపులు తామే మూసుకున్నట్టు. సోమవారం దిగి, మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆడి, శనివారం వెనుదిరగడం అన్నిటికంటే మేలు.

పోటీల క్యాలెండర్ కూడా పక్కన పెట్టుకోండి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో డన్‌హిల్ లింక్స్ పోటీ జరుగుతుంది. ఆ రోజుల్లో ఓల్డ్ కోర్సు, కార్నూస్టీ, కింగ్స్‌బార్న్స్ మూడూ దానికే వెళ్లిపోతాయి. జులైలో నార్త్ బెర్విక్ పక్కనున్న రినైసాన్స్ క్లబ్‌లో 2019 నుంచి స్కాటిష్ ఓపెన్ ఆడుతున్నారు, ఆ వారం చుట్టుపక్కల గది దొరకడం కష్టం, దొరికినా ధర మామూలుగా ఉండదు. 2027 జులైలో ఓపెన్ ఛాంపియన్‌షిప్ (బ్రిటన్‌లో ఏటా జరిగే అతి పెద్ద గోల్ఫ్ పోటీ) సెయింట్ ఆండ్రూస్‌కు వస్తోంది. ఆ వేసవిలో ఫైఫ్ వైపు ఆడాలనుకునేవాళ్లు తేదీలు ఖాయం చేసుకునే ముందు ఓల్డ్ కోర్సు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా మూసి ఉంటుందో చూసుకోవాలి.

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది, మీ వ్యాసంలో దాని ఊసు లేదు. మ్యూర్‌ఫీల్డ్, ఓల్డ్ కోర్సు వంటి వాటికి ముందు ఏడాదే దరఖాస్తు పెట్టుకోవాలి. బ్రిటన్ సందర్శక వీసాకు మాత్రం ప్రయాణానికి మూడు నెలల లోపలే దరఖాస్తు తీసుకుంటారు. అంటే టీ టైమ్‌కు (ఆట మొదలుపెట్టడానికి మనకిచ్చే సమయానికి) అడ్వాన్సు కట్టే నాటికి వీసా చేతిలో ఉండదు. పిల్లలను చూడడానికి ఎలాగూ పదే పదే వెళ్లేవాళ్లయితే రెండేళ్లదో అయిదేళ్లదో వీసా ముందే తీసుకుని ఉంటే ఈ బాధ లేదు. అది లేనివాళ్లు డబ్బు కట్టే ముందు రద్దు నిబంధన చదవాలి: ఎన్ని రోజుల ముందు చెబితే తిరిగి ఇస్తారు, తేదీ మార్చుకోనిస్తారా, నలుగురిలో ఒకరు రాకపోతే ఆ ఒక్కరి డబ్బే పోతుందా, మొత్తమా. క్లబ్బుకో తీరు ఉంటుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా ఓటు ఈస్ట్ లోథియన్‌కే. కారణం రైలు. ఎడింబరో వేవర్లీ స్టేషన్ నుంచి నార్త్ బెర్విక్‌కు ముప్పావు గంట కూడా పట్టదు. దిగాక వెస్ట్ లింక్స్ (లింక్స్ అంటే తీరపు ఇసుక నేల మీది కోర్సు) క్లబ్‌హౌస్‌కు బ్యాగు లాక్కుంటూ నడిచి పోవచ్చు. దారిలోనే మసెల్‌బరో, లాంగ్‌నిడ్రీ స్టేషన్లు ఉన్నాయి. గలన్‌కు రైలు లేదు, డ్రెమ్‌లో దిగి టాక్సీ ఎక్కాలి, లేదా తీరం వెంట తిరిగే బస్సు పట్టుకోవాలి. నలుగురికి నాలుగు బ్యాగులూ సూట్‌కేసులూ పట్టే కారు అక్కడ అద్దెకు తీసుకోవాలంటే పెద్ద వ్యానే కావాలి. మామూలు కారు బుక్ చేసుకుని, విమానాశ్రయంలో డిక్కీ తెరిచాక బ్యాగులు పట్టక మళ్లీ డబ్బు పోసి బండి మార్చుకునేవాళ్లు తక్కువేమీ కాదు. బస నార్త్ బెర్విక్‌లో పెట్టుకుంటే కారు అవసరం ఒకటి రెండు రోజులకు తగ్గిపోతుంది.

అక్కడ ఒక్క కోర్సే ఆడే వీలుంటే అది నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్ కావాలి. 1832లో పుట్టిన క్లబ్ అది. పొడవు చూసి చిన్నదే కదా అనుకోకండి. మొదటి హోల్‌లో డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే కర్ర) తీయకూడదు, ఇనుప క్లబ్‌తో (కర్రతో) ముందుకు వేసి, అక్కడి నుంచి సముద్రం అంచున మిట్ట మీదున్న గ్రీన్‌కు (గుంతా జెండా ఉండే నున్నటి గడ్డికి) కొట్టాలి. మూడో హోల్‌లో ఫెయిర్‌వేకు అడ్డంగా పాత రాతిగోడ. పదమూడో హోల్‌లో గోడ సరిగ్గా గ్రీన్ ముందే ఉంటుంది. రెండో దెబ్బ తక్కువ పడి బంతి గోడ మొదట్లో ఆగితే ఇక పక్కకో వెనక్కో ఆడుకోవడమే. అందుకని అక్కడ జెండాకు దూరం కొలిచి దానికి ఒక క్లబ్ కలుపుకోండి, అంటే ఇంకో మెట్టు దూరం కొట్టే కర్ర తీయండి, వెనక్కి పోయినా పరవాలేదు. పద్నాలుగో హోల్‌లో రెండో దెబ్బకు గ్రీన్ కనబడదు. పదిహేనోది రెడాన్. ప్రపంచంలో ఇంతగా అనుకరించిన పార్ త్రీ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) ఇంకొకటి లేదు. గ్రీన్ కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి వాలి ఉంటుంది. జెండా మీదికి నేరుగా కొట్టినవాళ్ల బంతి ఎడమ బంకర్‌లో (ఇసుక గుంతలో) పడుతుంది, లేదా వెనక్కి జారిపోతుంది. కుడి భుజం మీద దించి, వాలు వెంట దొర్లనివ్వాలి. పదహారో గ్రీన్ మధ్యలో లోతైన మడత ఉంటుంది, రెండు గ్రీన్లు అన్నట్టే. ఏ సగంలో జెండా ఉందో టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నుంచే చూసి పెట్టుకోండి. పద్దెనిమిదో హోల్ కుడి వైపంతా రోడ్డు, ఆగి ఉన్న కార్లు. స్లైస్ (బంతి కుడికి వంగిపోయే అలవాటు) ఉన్నవాళ్లు ఎడమకు గురిపెట్టాలి.

ఈ కోర్సు పడమరకు వెళ్లి అదే దారిన తిరిగి వస్తుంది. అక్కడ ఎక్కువగా వీచేది పడమటి గాలి, అంటే వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెన్నుదన్ను. మొదటి తొమ్మిదిలో స్కోరు చెడిందని బెంబేలు పడక్కర్లేదు.

మ్యూర్‌ఫీల్డ్ దీనికి పూర్తిగా వేరు. బయటి తొమ్మిది హోల్స్ గడియారం దిశలో, లోపలి తొమ్మిది ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి గాలి ప్రతి హోల్‌కూ మారుతుంది. 16 ఓపెన్లు జరిగిన చోటు, చివరిది 2013లో. అక్కడ అతిథులకు ఒక రోజంతా పడుతుంది: పొద్దున ఎవరి బంతి వాళ్లు ఆడడం, మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత ఫోర్సమ్స్, అంటే ఇద్దరికి ఒకే బంతి, మార్చి మార్చి కొట్టాలి. భోజనాల గదికి కోటు, టై ఉండాలి, మనవాళ్లు సూట్‌కేసులో పెట్టుకోవడం మరిచిపోయేది ఇదే. వేసవి ఫీజు మనిషికి 300 పౌండ్లు దాటింది, ఓల్డ్ కోర్సుదీ అంతే. రఫ్ (ఫెయిర్‌వే పక్కనుండే పొడవాటి గడ్డి) జూన్, జులైలో మోకాలి దాకా పెరిగితే 20 పైన హ్యాండిక్యాప్ (ఆటగాడికి అదనంగా ఇచ్చే దెబ్బల లెక్క, ఎంత ఎక్కువైతే ఆట అంత బలహీనం) ఉన్నవాళ్లు బంతులు వెతుక్కోవడంతోనే అలసిపోతారు. 2019 నుంచి వెతకడానికి మూడు నిమిషాలే ఇస్తున్నారు, మరిచిపోవద్దు. గుంపులో అందరూ 15 లోపు ఉంటేనే మ్యూర్‌ఫీల్డ్ తీసుకోమంటాను. లేకపోతే ఆ డబ్బుతో ఇంకో రెండు మంచి కోర్సులు ఆడవచ్చు.

ఆ రెండూ గలన్‌లోనే దొరుకుతాయి. ఒకే కొండ చుట్టూ మూడు కోర్సులు. నంబర్ వన్ పెద్దది, 2015లోనూ 2018లోనూ స్కాటిష్ ఓపెన్ అక్కడే జరిగింది. ఏడో టీ దగ్గర ఫర్త్ అంతా కనిపిస్తుంది. నంబర్ త్రీ పొట్టిది. ఫీజు పెద్దవాటిలో సగం కూడా ఉండదు, కానీ గ్రీన్లు అదే ఇసుక నేల, అదే గడ్డి. పొద్దున నంబర్ వన్, సాయంత్రం నంబర్ త్రీ ఆడితే ఆ రోజుకు తృప్తిగా ఉంటుంది. అబర్‌లేడీ దగ్గర కిల్‌స్పిండీ కూడా ఇలాంటిదే, 5,500 గజాలకు అటూ ఇటూ. గాలి లేని రోజు తేలిక, గాలి లేచిందంటే ఎవరికైనా పరీక్ష. డన్‌బార్‌కు రైలుంది, సముద్రం పక్కనే ఆట. నార్త్ బెర్విక్ తూర్పు చివర గ్లెన్ క్లబ్ ఉంది, పదమూడో హోల్ సముద్రపు రాళ్ల మధ్య పార్ త్రీ, బాస్ రాక్ ద్వీపం ఎదురుగా ఉంటుంది. లాంగ్‌నిడ్రీ, లఫ్‌నెస్ కూడా మంచివే, టీ టైమ్ దొరక్కపోతే గుర్తుంచుకోండి.

దిగిన రోజు డబ్బు పోసిన పెద్ద కోర్సు పెట్టుకోవద్దు. దోహా, దుబాయ్ లేదా లండన్ మీదుగా వచ్చేటప్పుడు బ్యాగు మారే చోట ఆగిపోయేది చాలాసార్లు గోల్ఫ్ బ్యాగే, పొడవు వల్ల దాన్ని విడిగా తీసుకెళతారు. అది మర్నాడో ఆ మర్నాడో వస్తుంది. ఆ సాయంత్రానికి మసెల్‌బరో ఓల్డ్ లింక్స్ సరిగ్గా సరిపోతుంది. గుర్రప్పందేల మైదానం లోపల తొమ్మిది హోల్స్. అక్కడ 1672లో ఆడినట్టు రాతపూర్వక ఆధారం ఉంది, 1874 నుంచి 1889 మధ్య ఆరు ఓపెన్లు జరిగాయి. పాతకాలపు చెక్క కర్రల క్లబ్బులు అద్దెకిస్తారు కాబట్టి మీ బ్యాగు రాకపోయినా ఆట ఆగదు. పందేల రోజున మాత్రం మూసి ఉంటుంది, ముందే చూసుకోవాలి. బ్యాగు రాకపోతే పెద్ద కోర్సుల్లో మామూలు క్లబ్బులు కూడా అద్దెకు దొరుకుతాయి. కానీ ఎడమచేతి వాటం వాళ్లకూ ఆడవాళ్లకూ సెట్లు ఒకటో రెండో ఉంటాయి, ముందు రోజే ఫోన్ చేసి పక్కన పెట్టమనాలి.

ఇక ఓల్డ్ కోర్సు ఆడకుండా స్కాట్లాండ్ వెళ్లి ఏం లాభం అనుకునేవాళ్లకు. వాళ్లు ఈస్ట్ లోథియన్ పూర్తిగా వదిలేసి ఫైఫ్‌లోనే ఉండాలి. ఎందుకంటే ఓల్డ్ కోర్సులో టీ టైమ్ ముందే దొరకనివాళ్లకు దారి లాటరీ. ఆడాలనుకున్న రోజుకు రెండు రోజుల ముందు పేర్లు ఇవ్వాలి, కనీసం ఇద్దరు ఉండాలి, ఆ సాయంత్రమే ఫలితం చెబుతారు. మంగళవారం ఆటకు ఆదివారం, శుక్రవారం ఆటకు బుధవారం. ఒంటరిగా వచ్చినవాళ్లు ఈ లాటరీలో చేరలేరు. వాళ్లు ఆటకు ముందు రోజు సెయింట్ ఆండ్రూస్‌లోనే స్వయంగా వెళ్లి పేరు ఇవ్వాలి. రాత్రంతా క్యూలో నిలబడే పాత పద్ధతి 2024లో తీసేశారు. ఇంకా క్యూ ఉందనుకుని తెల్లవారుజామున వెళ్లొద్దు.

లాటరీ నెగ్గే అవకాశం ఎన్ని రోజులు పేరు ఇస్తే అంత పెరుగుతుంది. ఒక్క రోజు కోసం ఎడింబరో నుంచి వెళ్లి రావాలనుకుంటే ఎక్కువమందికి నిరాశే. నాలుగు రోజులూ పక్కనే ఉండి, ప్రతి రోజూ పేరు ఇస్తూ, మిగతా ఆటను దాని చుట్టూ పేర్చుకోవాలి. చేయకూడని పని ఒక్కటే: లాటరీ వస్తుందని ఎదురుచూస్తూ ఆ రోజంతా ఖాళీగా ఉంచుకోవడం. ఊళ్లోనే 1895 నాటి న్యూ కోర్సు, జూబిలీ, ఈడెన్ ఉన్నాయి. న్యూ కోర్సు ఓల్డ్ టామ్ మోరిస్ వేసినదే, ఆటగా చూస్తే ఎందులోనూ తక్కువ కాదు, టీ టైమ్ దొరకడమూ సులువు. దాన్ని మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టుకోండి. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి పొద్దున లాటరీ తగిలినా రెండూ ఆడవచ్చు.

ఓల్డ్ కోర్సులో క్యాడీకి (బ్యాగు మోసి దారి చెప్పే మనిషికి) ఖర్చు పెట్టండి, మిగతా చోట్ల పెట్టకపోయినా సరే. అక్కడ పద్నాలుగు హోల్స్‌కు గ్రీన్లు జంటగా ఉంటాయి, రెండు హోల్స్ అంకెలు కలిపితే పద్దెనిమిది వస్తుంది. తెలియనివాళ్లు వేరే జెండాకు కొడతారు. బంకర్లు చాలా వరకు టీ దగ్గర నుంచి కనబడవు. సందేహం ఉన్నప్పుడు ఎడమకు కొట్టడం అక్కడ పాత సలహా, ఇప్పటికీ పనిచేస్తుంది.

సెయింట్ ఆండ్రూస్‌కు రైల్వే స్టేషన్ లేదు, లూకర్స్‌లో దిగి అయిదు మైళ్లు బస్సులోనో టాక్సీలోనో వెళ్లాలి. తీరం వెంట దక్షిణానికి వస్తే క్రెయిల్, ఈలీ, లండిన్, లీవెన్. లీవెన్‌కు 2024 జూన్‌లో రైలు మళ్లీ వచ్చింది, ఎడింబరో నుంచి నేరుగా వెళ్లవచ్చు. ఈలీలో మొదటి టీ ముందు మిట్ట ఉంటుంది, ముందువాళ్లు దూరం వెళ్లారో లేదో చూడడానికి స్టార్టర్ (ఆటగాళ్లను వరసగా పంపే మనిషి) గుడిసెలో జలాంతర్గామి పెరిస్కోపు పెట్టారు. కోర్సులో పార్ ఫైవ్ ఒక్కటీ లేదు, పదహారు పార్ ఫోర్లు, రెండు పార్ త్రీలు. అయిదు సార్లు ఓపెన్ గెలిచిన జేమ్స్ బ్రెయిడ్ పుట్టింది ఆ ఊరి పక్కనే. క్రెయిల్‌లో బాల్కోమీ కోర్సు పార్ త్రీతో ముగుస్తుంది. మొదటి హోల్స్ సముద్రం పక్కనే, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు పెద్దవాళ్లకు నిలబడడమే కష్టం. కింగ్స్‌బార్న్స్ 2000లో తెరిచిన కొత్త కోర్సు, అందంగా ఉంటుంది, ఖరీదు కూడా పెద్దదే. నాలుగు రోజుల్లో దాని బదులు ఈలీ, క్రెయిల్ రెండూ ఆడటం మేలని నా అభిప్రాయం.

మనవాళ్ల ఒళ్లు ఆ ఆటకు ఎలా తట్టుకుంటుందో కూడా లెక్క వేయాలి. హైదరాబాద్‌లో నయా ఖిలా కోర్సులోనో బోల్డర్ హిల్స్‌లోనో ఆడేవాళ్లకు క్యాడీ బ్యాగు మోస్తాడు, బంతి ఎక్కడ పడిందో చూసి పెడతాడు, లేదంటే బగ్గీ (కోర్సులో ఎక్కి తిరిగే చిన్న బండి) ఉంటుంది. స్కాట్లాండ్ లింక్స్ కోర్సుల్లో బగ్గీలు చాలా తక్కువ, ఉన్నవీ ఆరోగ్య సమస్య ఉన్నవాళ్లకు, డాక్టర్ చీటీ చూపిస్తేనే. ట్రాలీ తోసుకుంటూ నాలుగు గంటలు, ఆరేడు మైళ్ల నడక. వెళ్లే ముందు రెండు నెలలు వారానికి రెండుసార్లు బగ్గీ లేకుండా, బ్యాగులో క్లబ్బులు తగ్గించుకుని ఆడి అలవాటు చేసుకోవాలి. అరవై దాటినవాళ్లు రోజూ 36 హోల్స్ పెట్టుకోవద్దు. ఒక రోజు 36, మర్నాడు 18 సరిపోతుంది.

దూరాల లెక్క కూడా మారుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఎండ ఎక్కువ. అక్కడ సముద్ర మట్టం, 14, 15 డిగ్రీల చలి. గాలి లేకపోయినా మన 150 గజాల దెబ్బ ఏడెనిమిది గజాలు తగ్గుతుంది. ఎదురుగాలి గంటకు పది మైళ్లుంటే ఇంకో క్లబ్ కలుపుకోవాలి. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడేవాళ్లకు సముద్రపు గాలి తెలుసు, అయినా మన గ్రీన్లు మెత్తన, బంతి పడి ఆగుతుంది. అక్కడ గట్టి నేల, పడి ముప్పై గజాలు దొర్లుతుంది. బంతిని ఎత్తుగా లేపే వెడ్జ్ దెబ్బలు మానేసి గ్రీన్ బయటి నుంచి కూడా పుటర్ (బంతిని నేల మీద దొర్లించే కర్ర) వాడటం నేర్చుకుంటే నాలుగైదు స్ట్రోకులు మిగులుతాయి. బంకర్ల గోడలు గడ్డి పలకలు పేర్చి నిలువుగా కట్టినవి. జెండా వైపు దారి లేకపోతే పక్కకు తీయడమే, రెండోసారి ప్రయత్నించేవాళ్లే ఒక్క హోల్‌కు ఎనిమిదేసి దెబ్బలు రాసుకుంటారు.

హ్యాండిక్యాప్ కాగితం తప్పనిసరి. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద మీ క్లబ్ ఇచ్చిన హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ను ఇంగ్లీషులో ముద్రించి, ఫోనులో కూడా పెట్టుకోండి. దాన్ని అక్కడి స్లోప్ సంఖ్యతో (మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకెతో) గుణించి 113తో భాగించి, దానికి కోర్సు రేటింగుకూ (మంచి ఆటగాడికి అక్కడ పట్టే దెబ్బల అంచనాకూ) పార్‌కూ ఉన్న తేడా కలిపితే, ఆ కోర్సులో మీ హ్యాండిక్యాప్ వస్తుంది. ఇండెక్స్ 18, స్లోప్ 130 అయితే గుణకారమే 21 దాకా పోతుంది. చాలా క్లబ్బులు అతిథులను పసుపు టీల (కాస్త ముందుండే టీల) నుంచి ఆడమంటాయి, వైట్ టీలు సభ్యుల పోటీలకు. పసుపు టీ అని చిన్నబుచ్చుకోవద్దు, గాలిలో అవే చాలు.

ఏ నెల అంటే మే రెండో సగం, జూన్, సెప్టెంబరు మొదటి మూడు వారాలు. మే, జూన్‌లో తూర్పు గాలి వీస్తే హార్ అనే సముద్రపు మంచు తీరాన్ని కమ్మేస్తుంది, రెండు మూడు మైళ్లు లోపల ఎండ కాస్తున్నా సరే. అప్పుడు కోర్సు మూసేయరు, వంద గజాల అవతల ఏముందో కనబడదు. ఉన్ని టోపీ, రెయిన్ సూట్, రెండు జతల గ్లౌజులు జూన్‌లోనూ ఉండాలి. అక్టోబరు చివర గడియారాలు వెనక్కి జరిపాక సాయంత్రం అయిదింటికే చీకటి. చలికాలం ఓల్డ్ కోర్సులో ఫెయిర్‌వే మీద చిన్న చాప పరిచి దాని మీద నుంచి కొట్టాలి, ఫీజు తగ్గేది అందుకే. వసంతంలోనూ ఆగస్టు తర్వాతా గ్రీన్లకు రంధ్రాలు చేసి ఇసుక నింపుతారు, పది రోజులు బంతి నేరుగా దొర్లదు. టీ టైమ్ అడిగేటప్పుడే ఆ తేదీలు అడగండి, దాచకుండా చెబుతారు.

ఆడనివాళ్లు వెంట ఉంటే అది కూడా కోర్సు ఎంపికలో భాగమే. నార్త్ బెర్విక్‌లో బస ఉంటే వాళ్లకు సముద్రపు ఒడ్డు, సీబర్డ్ సెంటర్, బాస్ రాక్ చుట్టూ తిప్పే పడవ, అరగంట చిల్లరలో ఎడింబరో రైలు ఉన్నాయి. గలన్‌లో బస ఉంటే రెండో రోజుకే విసుగు పుడుతుంది. మనవళ్లు ఉంటే నార్త్ బెర్విక్‌లో పిల్లల కోర్సు ఒకటుంది, పెద్దవాళ్లు పిల్లలతో వెళితేనే అందులో ఆడనిస్తారు. వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే రాత్రి తొమ్మిదింటికి ఆట ముగించి వచ్చాక ఇంత అన్నం, చారు వండుకోవచ్చు. ఆ వేళకు చిన్న ఊళ్లలో వంటశాలలు మూసేస్తారు, శాకాహారులకు అసలు కష్టం.

సంపాదకుడు గారూ, ప్రయాణాల పేజీలో కోర్సు గురించి రాసినప్పుడు ఫొటోతో పాటు కొన్ని వివరాలు వేయించమని మనవి: అతిథులను ఏ రోజుల్లో ఆడనిస్తారు, ముందు చెప్పిన కోర్సు నుంచి రోడ్డు మీద ఎన్ని గంటలు, దగ్గరి స్టేషన్ ఏది, హ్యాండిక్యాప్ పరిమితి ఎంత, బగ్గీ ఉందా లేదా. ఆ నాలుగు రోజుల బాక్సును సరిచేసి మళ్లీ ప్రచురించండి. వచ్చే వేసవికి పెద్ద క్లబ్బుల టీ టైమ్‌లు ముందు ఏడాదే నిండిపోతాయి కాబట్టి ఈ నెలలోనే వేస్తే పాఠకులకు ఉపయోగం.

ఇట్లు,
ఒక గోల్ఫ్ ఆటగాడు,
సికింద్రాబాద్